పాత మియాటా కారుకి కొత్త షాకబ్జార్బర్లు వేయించాక తీసుకున్న నిర్ణయం

రెండే సీట్లున్న కారు కొన్న తెలుగువాణ్ని చుట్టాలు అడిగే మొదటి ప్రశ్న "మరి ఇంటిల్లిపాదీ ఎలా వెళ్తారు?" అని. మాకు మినీవ్యాన్ ఉంది, అందరం అందులోనే వెళ్తాం. ఈ రెండోది నేను నాకోసం కొనుక్కున్నది. 2010 మోడల్ మాజ్దా ఎంఎక్స్-5 మియాటా, ఆరు గేర్ల మాన్యువల్, బటన్ నొక్కితే మడతపడి వెనక్కి వెళ్లిపోయే గట్టి టాపు. మేముండేది అట్లాంటాకి ఉత్తరాన కమింగ్‌లో. జీఏ 400 హైవే ఎక్కి ఉత్తరానికి పోతే డాలొనెగా ఊరు, అది దాటితే కొండలు. శనివారం పిల్లలు లేచి టిఫిన్ అడిగేలోగా ఒక చుట్టు చుట్టి వచ్చేయొచ్చు. ఆ కారు ఉన్నది అందుకే.

దాన్ని ఇచ్చేసి కొత్త తరం మియాటా తీసుకోవాలా, ఉన్నదాన్నే ఉంచుకోవాలా అని చాలాకాలం కొట్టుమిట్టాడాను. ఇదే తంటాలో ఉన్నవాళ్లు నా స్నేహితుల్లోనే కొందరున్నారు. వాళ్ల కార్లు వేరు, లెక్కలు మాత్రం దాదాపు ఇవే. అందుకని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ఈ కారు గురించి తెలియనివాళ్లకి రెండు ముక్కలు. 1989 ఫిబ్రవరిలో చికాగో ఆటో షోలో మొదటి మియాటాని చూపించారు. 1.6 లీటర్ల ఇంజన్, 116 హార్స్‌పవర్, అంతే. స్పోర్ట్స్ కారంటే పెద్ద ఇంజనే ఉండాలన్న పట్టింపు లేని కంపెనీ అది. హిరోషిమాలో తయారవుతుంది, 2016లో పది లక్షలవ కారు బయటికొచ్చింది. తరాలని అభిమానులు ఎన్‌ఏ, ఎన్‌బీ, ఎన్‌సీ, ఎన్‌డీ అని పిలుస్తారు. నాది 2005లో మొదలైన ఎన్‌సీ. 2015లో వచ్చిందీ, ఇప్పటికీ అమ్ముతున్నదీ ఎన్‌డీ. నాలుగింట్లోకీ ఎన్‌సీ అంటేనే కాస్త చిన్నచూపు. ఒళ్లు చేసిందని, మూతి బాగోలేదని అంటారు. ఆ చిన్నచూపు పుణ్యమా అనే అది నా బడ్జెట్‌లోకి వచ్చింది కాబట్టి నాకేం ఫిర్యాదు లేదు.

తెనాలి నుంచి మా నాన్న వచ్చినప్పుడు మాత్రం ఫిర్యాదు ఎదురైంది. "మాజ్దా అంటే స్వరాజ్ మాజ్దాయేగా? మన ఊళ్లో స్కూలు పిల్లల్ని తిప్పే వ్యానులు వాళ్లవేరా. వాళ్లు స్పోర్ట్స్ కార్లు కూడా చేస్తారా?" అన్నారు. ఎక్కించుకుని చుట్టుపక్కల తిప్పాను. ఏమీ అనలేదు. దిగేటప్పుడు మాత్రం "ఒరేయ్, చెయ్యివ్వు" అన్నారు.

ఇచ్చేయాలన్న ఆలోచన నిజానికి తడిసిన కార్పెట్టుతో మొదలైంది. ఈ గట్టి టాపు మీద పడ్డ వాననీళ్లు సీట్ల వెనక రెండు పక్కలా ఉన్న రంధ్రాల్లోకి దిగి, గొట్టాల గుండా కారు కిందికి పోవాలి. మా ఇంటి చుట్టూ అన్నీ పైన్ చెట్లే. మార్చిలో పుప్పొడి కారు రంగు తెలియనంత పచ్చగా పేరుకుంటుంది, సూదుల్లాంటి ఆకులు ఏడాది పొడుగునా రాలుతూనే ఉంటాయి. రెండూ వాననీళ్లలో నాని, ముద్దయి, ఆ రంధ్రాల్లో బిగుసుకుపోయాయి. ఒక ఆదివారం ఏదో తీయబోయి సీటు వెనక చెయ్యి పెడితే కార్పెట్టు చల్లగా తగిలింది. పిండితే నీళ్లు కారాయి. గడ్డి కోసే ట్రిమ్మర్‌లో వేసే నైలాన్ తీగ ముక్క తీసుకుని, కొస కాస్త గుండ్రంగా చేసి, మెల్లగా లోపలికి పోనిచ్చాను. గట్టిగా పొడిస్తే గొట్టం ఊడిపోతుంది, అప్పుడు నీళ్లు ఇంకా లోపలికే చేరతాయి. నల్లటి పేస్టు లాంటిది కొద్దికొద్దిగా వచ్చింది. తర్వాత గ్లాసుడు నీళ్లు పోయడం, వెనక చక్రం దగ్గర నేల మీద పడుకుని కిందికి కారుతున్నాయా లేదా చూడటం. కారాయి. కానీ ఆ కార్పెట్టు ఆరేదాకా గ్యారేజీలో ఫ్యాను తిరుగుతూనే ఉంది, వాసన మాత్రం చాలాకాలం వదల్లేదు.

అది తేలేలోగా కూలెంట్ డబ్బా పగిలింది. ఎన్‌సీల్లో ఇది మామూలే, ఆ తెల్ల ప్లాస్టిక్ ఏళ్లు గడిచేకొద్దీ పసుపుపచ్చగా మారి సన్నగా చిట్లుతుంది. డబ్బా మార్చడం పెద్ద పనేం కాదు. కానీ దాని వెంట ముందు చక్రాల దగ్గర టకటకలు, గతుకుల్లో డాష్‌బోర్డు కిర్రుమనడం, ఇలా ఒకదాని తర్వాత ఒకటి. "ఏమండీ, శనివారం పొద్దున్నే నడపడానికి కొన్నానన్నారు. ఇప్పుడు శనివారమంతా దాని కిందే ఉంటున్నారు. అమ్మేసి మంచిది కొనుక్కోండి" అని మా ఆవిడే అంది. ఇంట్లో కారు విషయంలో ఇంత స్పష్టమైన అనుమతి మళ్లీ దొరకదని నాకు తెలుసు.

డీలర్ దగ్గరికి వెళ్లాను. పేరు అనవసరం. కొత్త ఎన్‌డీ, క్లబ్ అనే వేరియంట్, మెత్తటి గుడ్డ టాపు. సేల్స్‌మన్ పక్కన కూర్చున్నాడు. "ఇక్కడ రైట్, మళ్లీ రైట్" అంటూ షాపింగ్ కాంప్లెక్సుల మధ్య తిప్పించాడు. అంత చప్పటి రోడ్డు మీద కూడా కారు ఏంటో అర్థమైంది. నా కారు కంటే వంద కిలోలకు పైగా తేలిక, మూడంగుళాలు పొట్టి. రెండు లీటర్ల ఇంజన్ నాదీ అంతే, కానీ నాది 167 హార్స్‌పవర్, దానిది 181. నాది 7,200 ఆర్‌పీఎం దగ్గర ఆగిపోతే అది 7,500 దాకా హుషారుగా ఎక్కుతుంది. గతుకు వస్తే ఒకసారి ఊగి సర్దుకుంది, నాదైతే మూడుసార్లు ఊగుతుంది. దిగేసరికి మనసులో సంతకం పెట్టేశాను.

కాగితం మీద సంతకం పెట్టనివ్వనిది ధర. డెలివరీ ఛార్జీతో కలిపి 33 వేల డాలర్లు దాటింది, ఆపైన డాక్యుమెంట్ ఫీజు, ఆపైన పన్ను. నా కారుకి ఏడు వేలు ఇస్తామన్నారు. టాపు ఒకసారి తెరిచి మూసి, టైర్లు చూసి, చిరునవ్వుతో చెప్పిన ఏడు వేలు. ఆలోచించుకుంటానని చెప్పి వచ్చేశాను.

ఆల్ఫరెట్టాలో ఉండే రాజమండ్రి మిత్రుడొకాయనకి 2019 ఎన్‌డీ ఉంది. నా అవస్థ విని నా కారు కాసేపు నడిపి చూశాడు. మా వీధి చివర స్పీడ్ బ్రేకర్ దాటగానే కారు పక్కకి ఆపేసి, "అండీ బాబూ, ఇవి షాకులు కాదండీ, ఇనప గొట్టాలండీ. వీటిలో నూనె ఎప్పుడో ఆవిరైపోయుంటుందండీ. మీరు దీన్నీ కొత్త కారునీ ఎలా పోలుస్తారండీ?" అన్నాడు. గతుకుల్లో కారు ఊపుని ఆపాల్సిన ఆ షాకులు కారుతో పాటు ఫ్యాక్టరీ నుంచి వచ్చినవే, ఓడోమీటరు అప్పటికి 80 వేల మైళ్లు దాటింది. అరుగుదల రోజూ కొంచెం కొంచెంగా జరిగేది కాబట్టి రోజూ నడిపేవాడికి తెలియదు. నా కారు ఇంతేలే అనుకుంటాం.

అమ్మేద్దామనుకుంటున్న కారు మీద డబ్బు పెట్టడం ఎవరైనా పిచ్చిపని అంటారు. మా ఆవిడ ఆ మాటే అంది, నోటితో కాదు. కానీ నాకు ఈ ప్రశ్న ఒక్కసారి తేలాలి. నాలుగు బిల్‌స్టీన్ షాకులు, పైన మౌంట్లు, ముందు ఎండ్ లింకులు, నలిగిపోయిన రబ్బరు బుష్‌లు, అలైన్‌మెంట్, మంచి టైర్లు. కొంత పని నేనే చేసుకున్నా బిల్లు 2,000 డాలర్లు దాటింది.

అలైన్‌మెంట్ షాపు నుంచి ఇంటికొచ్చే దారిలోనే తేడా తెలిసింది. టకటకలు పోయాయి. మలుపులో కారు ముందు వాలి, ఆగి, తర్వాత తిరిగేది. ఇప్పుడు చెయ్యి తిప్పితే తిరుగుతోంది.

అసలు పరీక్ష ఆ తర్వాతి వారం. నేనూ ఆ రాజమండ్రి మిత్రుడూ రెండు కార్లలో డాలొనెగా మీదుగా జీఏ 60 పట్టుకుని వుడీ గ్యాప్ అనే కనుమ దాకా వెళ్లాం. అపలాచియన్ ట్రెయిల్ అనే పొడవాటి కాలిబాట రోడ్డు దాటే చోటు అది, పార్కింగ్ ఉంటుంది. అక్కడ తాళాలు మార్చుకున్నాం. సూచెస్ నుంచి జీఏ 180 మీద వుల్ఫ్‌పెన్ గ్యాప్ మీదుగా వోగెల్ స్టేట్ పార్క్ వైపు దిగాం. దారి పొడుగునా మెలికలే, ఒక మలుపు అయ్యేలోగా ఇంకోటి మొదలవుతుంది. మోటార్ సైకిళ్లవాళ్లు ఎక్కడెక్కడి నుంచో వచ్చేది ఆ రోడ్డు కోసమే. అటు నుంచి బ్లడ్ మౌంటెన్ దిగువన నీల్ గ్యాప్ దగ్గర ఆగి మళ్లీ మార్చుకున్నాం. ట్రెయిల్ నడిచేవాళ్లు చెట్టు మీదికి విసిరిన పాత బూట్లు అక్కడ గుత్తులుగా వేలాడుతూ కనిపించాయి. ఆ చెట్టు కింద నిలబడి చాలాసేపు మాట్లాడుకున్నాం.

డీలర్ దగ్గర నాకు కనిపించిన తేడాలో సగానికి పైగా కొత్త తరానిది కాదు, కొత్త షాకులది. ఒకే రోజు, ఒకే రోడ్డు మీద రెండూ నడిపితే అది దాచినా దాగలేదు. ఇంకో మాట చెప్తే ఎన్‌డీ ఉన్నవాళ్లకి కోపం రావచ్చు. మలుపుల్లో ఎక్కువగా పక్కకి ఒరిగింది ఎన్‌డీయే. కంపెనీ దాన్ని అలా కావాలనే మెత్తగా ఉంచింది, కొందరికి అది నచ్చుతుంది. బిల్‌స్టీన్లు వేసిన నా ఎన్‌సీ బిగువుగా, నేలకి కరుచుకుని పోయింది. స్టీరింగ్‌లో అయితే పాతదే నెగ్గింది. నాది హైడ్రాలిక్ పవర్ స్టీరింగ్. ముందు టైరు కింద ఇసుక ఉందో తడి ఆకులున్నాయో అరచేతికి తెలుస్తుంది. ఎన్‌డీది ఎలక్ట్రిక్. చురుగ్గా ఉంటుంది, తేలిగ్గా ఉంటుంది, కబుర్లు మాత్రం తక్కువ చెబుతుంది.

మరి ఎన్‌డీకి ఏం మిగిలింది? మూడు మిగిలాయి. ఎత్తు ఎక్కేటప్పుడు హెయిర్‌పిన్ నుంచి రెండో గేరులో బయటికి వస్తుంటే ఆ ఇంజన్ లాగే తీరు, ఆ తేలికదనం. నాది అక్కడ కాస్త ఆయాసపడుతుంది. గేరు లివర్, మణికట్టు కదిలిస్తే చాలు పడుతుంది. మూడోది నేను అనుకోనిది, కూర్చునే తీరు. నేను అయిదడుగుల పది, కాళ్లు పొడుగు, చేతులు పొట్టి. ఎన్‌సీ స్టీరింగ్ పైకీ కిందికీ కదులుతుందే గానీ మన వైపుకి రాదు. కాళ్లకి సరిపడా సీటు వెనక్కి జరిపితే స్టీరింగ్ దూరమవుతుంది, చేతులు చాపుకుని నడపాలి. గంట దాటితే భుజాల మధ్య పట్టేసేది. వయసు అనుకున్నాను. 2019 నుంచి ఎన్‌డీలో స్టీరింగ్‌ని దగ్గరికి లాక్కోవచ్చు. లాగింది కాస్తే, కానీ కొండ దిగేసరికి నాకు నొప్పి లేదు, నా కారులో వచ్చిన మిత్రుడు మాత్రం భుజాలు విరుచుకుంటున్నాడు.

ఆ రాత్రి నా కారుకున్న లోపాలన్నీ రాశాను. టాపు డ్రెయిన్లు, కూలెంట్, షాకులు, పాత రేడియో, వెనక కెమెరా లేకపోవడం. ఒక్కొక్కటీ కొట్టేస్తూ వచ్చాను, అన్నిటికీ మందుంది, చాలావరకు అప్పటికే వేసేశాను కూడా. కొట్టేయలేనివి రెండే: బరువు, స్టీరింగ్ దూరం. ఇంజన్ కూడా అనొచ్చు గానీ 14 హార్స్‌పవర్ కోసం ఇన్ని వేలు పోసే మనిషిని కాను. స్టీరింగ్ దూరమే నన్ను పట్టుకుంది. దాన్ని దగ్గరికి తెచ్చే స్పేసర్లు దొరుకుతాయి గానీ, ఎయిర్‌బ్యాగ్ ఉన్న స్టీరింగ్‌తో ఆటలాడటం నాకు ఇష్టం లేదు.

టాపు సంగతి వేరే చూడాలి, ఎందుకంటే ఇక్కడ కొత్త తరం నా దగ్గరున్నది ఇవ్వలేదు. నా ఎన్‌సీలో అద్దం పైనున్న లాచ్ చేత్తో తిప్పి, బటన్ నొక్కి పట్టుకుంటే 12 సెకన్లలో గట్టి టాపు మొత్తం మడతపడిపోతుంది. డిక్కీలో చోటు కూడా తగ్గదు. నెత్తి మీద మొత్తం ఆకాశమే. ఎన్‌డీలో గట్టి టాపు కావాలంటే ఆర్‌ఎఫ్ అనే రకం తీసుకోవాలి. దానికి లాచ్ గొడవ లేదు, చూడటానికి చాలా అందంగా ఉంటుంది. కానీ టాపు తెరిచినా వెనక రెండు పక్కలా కమ్మీలు అలాగే నిలబడి ఉంటాయి. ఒక ఆర్‌ఎఫ్ నడిపి చూశాను. లేన్ మారేటప్పుడు భుజం మీదుగా చూస్తే పక్క కారుకి బదులు ఆ కమ్మీయే కనిపించింది, వేగం పెరిగితే చెవి దగ్గర గాలి గుడగుడమంది. ఇక మిగిలింది గుడ్డ టాపు. ఒంటి చేత్తో సీట్లోంచే తీసి వెనక్కి పడేయొచ్చు, సిగ్నల్ దగ్గర పచ్చలైటు పడేలోగా అయిపోతుంది. బరువు కూడా తక్కువ. హైవే మీద హోరు ఎక్కువ. నేను వెళ్లేది కొండల్లోకి కాబట్టి హోరుకి ఒప్పుకున్నాను.

కొత్తది కాదు, వాడినదే చూడాలనుకున్నాను. 2019కి ముందు మోడళ్లు వదిలేశాను. వాటి ఇంజన్ 155 హార్స్‌పవర్, స్టీరింగ్ దగ్గరికి రాదు, పైగా ఆ తొలి ఏళ్ల గేర్‌బాక్సుల గురించి ఓనర్లు చెప్పుకునేవి విన్నాను. చివరికి 2021 క్లబ్, మాన్యువల్, ఒకే ఓనరు, 25 వేలకి దొరికింది. 2024లో వచ్చిన కొత్త తెర, కొత్త డిఫరెన్షియల్ ఇందులో లేవు. ఆ తేడా కోసం ఎనిమిది వేలకు పైగా పెట్టాలనిపించలేదు.

పాతదాన్ని ఎలా వదిలించుకోవాలన్న లెక్క జార్జియాలో ఉన్నవాళ్లకి పనికొస్తుంది. ఇక్కడ కారు కొన్నప్పుడు ఒకేసారి కట్టే టైటిల్ (యాజమాన్య పత్రం) పన్ను 7 శాతం. డీలర్ దగ్గర పాత కారు ట్రేడ్-ఇన్ చేస్తే, అంటే దాన్ని ఇచ్చి వేరేది కొంటే, ఆ విలువ తీసేసి మిగిలినదాని మీదే పన్ను. ఏడు వేలకి నా కారు ఇస్తే నాకు తప్పే పన్ను 490 డాలర్లు. అంటే ట్రేడ్-ఇన్ నాకు నిజంగా 7,490తో సమానం. బయట నేనే అమ్ముకుంటే అంతకంటే ఎక్కువ వస్తేనే ఆ తిరుగుడు పెట్టుకోవాలి. కాలిఫోర్నియాలో ఉన్న మా బావమరిది ఈ లెక్క విని నిట్టూర్చాడు. అక్కడ ట్రేడ్-ఇన్ ఇచ్చినా మొత్తం ధర మీదే పన్ను కట్టాలి.

బయటే అమ్మాను. జార్జియాలోనే ఉన్న ఎథెన్స్‌లో చదువుకునే ఒక కుర్రాడు వాళ్లమ్మతో వచ్చాడు. కుర్రాడు టాపు తెరిచి మూసి తెరుస్తున్నాడు, ఆవిడ మాత్రం వంటింటి బల్ల దగ్గర కూర్చుని నా రసీదుల ఫైలు ఒక్కో కాగితం తిప్పింది. షాకుల బిల్లు దగ్గర ఆగి, "అమ్మేసే కారుకి ఇంత ఖర్చు ఎందుకు పెట్టారు?" అని అనుమానంగా అడిగింది. ఆమెకి మొత్తం కథ చెప్పాల్సి వచ్చింది. నమ్మిందో లేదో గానీ 10,200కి బేరం కుదిరింది. షాకుల డబ్బు మొత్తం రాలేదు, చాలావరకు వచ్చినట్టే. డ్రెయిన్లు శుభ్రం చేసే నైలాన్ తీగ ముక్క కూడా కుర్రాడికిచ్చి, ఎలా పొడవాలో చూపించాను.

కాగితాల విషయంలో ఒకటి గుర్తుపెట్టుకోండి. జార్జియాలో నంబరు ప్లేటు కారుతో పోదు, మనదే. ప్లేటు విప్పుకుని, టైటిల్ మీద సంతకం చేసి, టీ-7 అనే అమ్మకం పత్రం రాసి ఇవ్వాలి. ఆ తర్వాత ముందు రిజిస్ట్రేషన్ రద్దు చేయించి, అప్పుడే ఇన్సూరెన్స్ ఆపాలి. ముందు ఇన్సూరెన్స్ ఆపితే, ఇన్సూరెన్స్ లేని కారు మీ పేరు మీద ఉన్నట్టు లెక్కకట్టి ఫైన్ వేస్తారు.

ఎన్‌డీ వచ్చాక భుజం నొప్పి లేదు. చిన్న చిన్న చిరాకులున్నాయి. గ్లవ్ బాక్స్ లేదు, కాగితాలన్నీ రెండు సీట్ల మధ్య వెనకున్న గూట్లో. కప్ హోల్డర్లు మోచేతి వెనక, గేరు మారిస్తే మోచెయ్యి కాఫీకి తగులుతుంది. కాళ్ల దగ్గర చోటు తగ్గిందని మా ఆవిడ అంది. స్టీరింగ్ కబుర్లు ఇంకా తక్కువే, నాకే అలవాటవుతోంది. హోరు మాత్రం నేను అనుకున్నదానికంటే ఎక్కువే. జీఏ 400 మీద పోతుండగా అమ్మ ఫోన్ చేస్తే "ఎక్కడున్నావురా, ఆ గాలేంటి? తుఫానా?" అని కంగారు పడుతోంది. ఇంటికెళ్లి చేస్తానని అరిచి చెప్పి పెట్టేస్తున్నాను.